చెంబెడు పాలు

2024 మే 26, ఆదివారం. అర్ధరాత్రి దాటాక మా బెంటన్‌విల్‌లో సైరన్లు మోగాయి. మెమోరియల్ డే సెలవులు కలిసి రావడంతో మా వాళ్ళు చాలామంది డాలస్‌కో, కాన్సస్ సిటీకో వెళ్ళి ఉన్నారు. ఆర్కన్సాలో ఏళ్ళ తరబడి ఉంటున్నవాళ్ళకి సైరన్ కొత్త కాదు. చాలాసార్లు మోగుతుంది, ఏమీ జరగదు, మళ్ళీ పడుకుంటాం. ఆ రాత్రి అలా కాలేదు.

ఇక్కడ చాలా ఇళ్ళకి బేస్‌మెంట్లు ఉండవు. కిటికీలు లేని లోపలి గదిలోనో, బాత్‌రూమ్‌లోనో దాక్కోవడమే మార్గం. నేనూ, నా భార్యా, పిల్లలిద్దరూ బట్టల అలమర గదిలో నెత్తిన దిండ్లు పెట్టుకుని కూర్చున్నాం. బయట చెట్లు విరుగుతున్న చప్పుడు వినబడుతోంది. కాసేపటికి కరెంటు పోయింది. గాలి తగ్గాక తలుపు తీసి చూస్తే మా ఇంటికి పెద్దగా ఏమీ కాలేదు. ఎదుటివాళ్ళ ఓక్ చెట్టు వేళ్ళతో సహా రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. బెంటన్ కౌంటీలో డెకేటర్ నుంచి రాజర్స్ దాకా ఆ రాత్రి టొర్నాడోలు తిరిగాయని, రాజర్స్ పాత ఊరు బాగా దెబ్బతిన్నదని తెల్లవారాక తెలిసింది. వేల ఇళ్ళకి కరెంటు లేదు. కొందరికి రోజుల తరబడి రాలేదు.

నేను చెప్పదలచుకున్నది గాలివాన సంగతి కాదు. ఆ ఉదయం నేను చెయ్యని ఒక పని సంగతి.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో రెండువందల మందికి పైగా ఉన్నాం. తెల్లవారుజామున "అందరూ క్షేమమేనా?" అని మొదలైంది. ఆరు గంటల ప్రాంతంలో ఒక మెసేజ్ వచ్చింది. ఒక మిత్రుడూ ఆయన భార్యా సెలవులకి డాలస్ వెళ్ళారు. మోకాళ్ళ నొప్పులవల్ల వాళ్ళమ్మగారు ప్రయాణం చెయ్యలేక ఇంట్లోనే ఉండిపోయారు. ఆవిడ ఫోన్ కలవడం లేదు, ఎవరైనా వెళ్ళి చూడగలరా అని అడిగారు. వెంటనే జవాబులు వచ్చాయి. "అయ్యో" అన్నవాళ్ళు, దణ్ణం బొమ్మలు పెట్టినవాళ్ళు, "దగ్గర్లో ఉన్నవాళ్ళు దయచేసి చూడండి" అన్నవాళ్ళు. నేను కూడా ఒక దణ్ణం బొమ్మ పెట్టాను.

ఆ ఇల్లు మా ఇంటికి మైలున్నర దూరం. దారిలో చెట్లు పడి ఉన్న మాట నిజమే. అంతకంటె నిజం, నాకంటె దగ్గరగా మరో పదిమంది ఉన్నారు కదా, ఈపాటికి ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు అనుకున్నాను. ఆ మాట అనుకోగానే నా మనసు తేలికపడింది. గరాజ్‌లోంచి గ్యాస్ స్టవ్ తీసి టీ పెట్టుకున్నాను.

పదకొండు గంటలకి ఆ మిత్రుడే నాకు ఫోన్ చేశాడు. "అన్నా, ఎవరూ వెళ్ళినట్టు లేరు. నువ్వు వెళ్ళగలవా?" అన్నాడు. అప్పుడు సిగ్గుపడి నడిచి వెళ్ళాను. అరగంట పట్టింది. ఆ అరగంట ఉదయం ఆరింటికీ నా దగ్గర ఉంది.

వెళ్ళేసరికి ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన మెట్టు మీద పొరుగింటి అమెరికన్ పెద్దాయన, డెబ్భై దాటిన మనిషి, చేతిలో రంపంతో కూర్చుని ఉన్నాడు. వాకిలి ముందు పడిన కొమ్మలు కోసి పక్కకి లాగి ఉన్నాయి. సైరన్ మోగినప్పటినుంచి ఆవిడ స్నానాలతొట్టిలో దుప్పటి కప్పుకుని, చీకట్లో, పొద్దున్న ఏడింటిదాకా కూర్చున్నారట. ఏడింటికి ఆయన వచ్చి తలుపు కొట్టాడు. ఆవిడకి ఇంగ్లీషు రాదు. ఆయనకి తెలుగు రాదు. ఆయన నీళ్ళ సీసా ఇచ్చాడు, ఆవిడ తాగారు. మాట్లాడుకోవడానికి అంతకంటె భాష అవసరం పడలేదు.

నా ఫోన్‌లో కొడుకుతో మాట్లాడించాను. ఫోన్ తిరిగి ఇస్తూ ఆవిడ అన్నమాట నేను మరిచిపోలేను. "మీరందరూ ఫోన్లో కంగారుపడ్డారని మావాడు చెప్పాడు నాయనా. తలుపు దగ్గరికి మాత్రం ఈయనొక్కడే వచ్చాడు." ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పారు, అంతే.

ఆ పెద్దాయనకి కృతజ్ఞతలు చెప్పి, మీకు ఎవరు చెప్పారు ఆవిడ ఒంటరిగా ఉన్నారని అని అడిగాను. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. వాళ్ళ వీధి చివర ఎనిమిది ఇళ్ళు. ఒక్కో ఇంటి పక్కన రెండు మూడు మాటలు రాసుకున్నాడు. ఎవరింట్లో ముసలివాళ్ళున్నారు, ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరికి ఆక్సిజన్ యంత్రం ఉంది, ఎవరు ఊళ్ళో లేరు. ఏళ్ళుగా ఉన్న కాగితమట, మనుషులు మారినప్పుడల్లా దిద్దుకుంటాడట. "ఈ ఎనిమిది ఇళ్ళూ నావి. మిగతా ఊరి సంగతి నాకు తెలియదు" అన్నాడు.

మా గ్రూపులో రెండువందల మందికి ఆవిడ మీద జాలి కలిగింది. ఆయన దగ్గర ఎనిమిది ఇళ్ళ కాగితం ఉంది. ఈ రెంటికీ ఉన్న తేడా గురించే నేను అప్పటినుంచీ ఆలోచిస్తున్నాను.

రాజుగారి పాలచెరువు

చిన్నప్పుడు మనందరం విన్న కథ ఒకటుంది. ఒక రాజుగారు ఊరి మధ్య కొత్తగా తవ్వించిన చెరువుని పాలతో నింపాలని, రాత్రికి ఇంటికొక చెంబెడు పాలు తెచ్చి పొయ్యాలని చాటింపు వేయించాడు. ఊరంతా పాలు పోస్తారు, నేనొక్కణ్ణి నీళ్ళు పోస్తే చీకట్లో ఎవరికి తెలుస్తుంది అనుకున్నాడు ఒకడు. తెల్లవారి చూస్తే చెరువు నిండా నీళ్ళే. అందరూ అలాగే అనుకున్నారు.

ఈ కథని మన పెద్దలు దొంగబుద్ధి తప్పని చెప్పడానికి వాడేవాళ్ళు. ఇప్పుడు నాకు వేరేగా కనిపిస్తోంది. ఆ ఊరివాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. ఎదురుగా నిలబడి ఒక్కడిని పాలు అడిగి ఉంటే పోసేవాడే. వాళ్ళని చెడగొట్టినవి రెండు: ఒకటి చీకటి, రెండు లెక్క. ఎవరు ఏం పోశారో కనబడకపోవడం చీకటి. నేను పొయ్యకపోయినా ఇంతమంది ఉన్నారు కదా అనుకోవడం లెక్క. మా వాట్సాప్ గ్రూపులో ఆ ఉదయం ఈ రెండూ ఉన్నాయి. నేను పోసినవి నీళ్ళు. దణ్ణం బొమ్మ అంటే అదే.

85 నుంచి 31కి

ఇది కథల్లో మాటే కాదు, పరీక్షించి చూసిన విషయం. 1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు న్యూయార్క్‌లో కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక్కొక్కరినీ ఒక్కో గదిలో కూర్చోబెట్టి, మైకుల ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో అవతలి మనిషికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. నిజానికి అది ముందే రికార్డు చేసిపెట్టిన గొంతు. ఈ మాటలు వింటున్నది తానొక్కడే అనుకున్నవాళ్ళలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోయేలోపలే లేచి సాయానికి వెళ్ళారు. తనతోబాటు మరొకరు కూడా వింటున్నారని నమ్మినవాళ్ళలో 62 శాతం. మరో నలుగురు వింటున్నారని నమ్మినవాళ్ళలో 31 శాతం మాత్రమే.

వెళ్ళనివాళ్ళు రాతిగుండెవాళ్ళు కాదని వాళ్ళిద్దరూ స్పష్టంగా రాశారు. చాలామందికి చేతులు వణికాయి, అరచేతులు చెమటపట్టాయి. కదలాలా వద్దా అన్నది తేల్చుకోలేకపోయారు. బాధ్యత అనేది పదిమందికి పంచితే పదోవంతు మిగలదు, ఒక్కోసారి ఏమీ మిగలదు. మనిషిలో మంచితనం ఉన్నా దానికి ఒక చిరునామా కావాలి.

మనం పిల్లలకి నీతి నేర్పుతాం, శతకాలు చదివిస్తాం, గుడికి తీసుకువెళ్తాం. అవన్నీ మంచివే. కాని "మంచివాళ్ళుగా ఉండండి" అన్న మాట, "ఈ ఎనిమిది ఇళ్ళూ నావి" అన్న మాటగా మారేవరకూ ఊరికి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. వ్యక్తిగత బాధ్యత వల్ల సమాజం బాగుపడుతుందని నలుగురూ అంటారు. ఆ బాగుపడడం ఎలా జరుగుతుంది అంటే నాకు తెలిసిన జవాబు ఇదే: ఎవరి పని ఏదో పేరుతో సహా తెలిసినప్పుడు.

చెరువుకి ఒక నీరటి

ఇది అమెరికావాళ్ళు మనకి నేర్పవలసిన సంగతి కాదు. నేను వరంగల్ జిల్లాలో పుట్టినవాణ్ణి. కాకతీయులు తవ్వించిన పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల ప్రాంతం మాది. ఇన్ని వందల ఏళ్ళు ఆ చెరువుల కింద సేద్యం ఎలా సాగింది? రాజులు కట్టించారు సరే, వాళ్ళు పోయాక ఎవరు చూశారు?

ఊరి చెరువుకి నీరటి ఉండేవాడు. తూము తెరవడం, మూయడం, కాలువ వెంట తిరిగి ఏ మడికి ఎంత నీరు అన్నది చూడడం అతని పని. పంట ఇంటికి వచ్చాక రైతులు అతనికి గింజలు కొలిచేవారు. రాయలసీమలో ఇదే పనిచేసేవాణ్ణి నీరుగంటి అనేవారు. అందరి నీరూ అందరిదే అయినా తూము దగ్గర నిలబడేవాడు ఒకడే, వాడెవడో ఊరంతటికీ తెలుసు. కాలువల్లో పూడిక తియ్యడానికి మాత్రం ఇంటికొక మనిషి పారా పట్టుకుని రావాలి. రాని ఇల్లేదో పట్టపగలు అందరికీ కనబడేది. ఇక్కడ చీకట్లో నీళ్ళు పోసే వీలు లేదు. ఈ ఏర్పాటులో పెత్తందారీతనం, కులాల హెచ్చుతగ్గులు లేవని నేను అనను, ఉన్నాయి. అయినా చెరువు బతికింది ఈ పద్ధతివల్ల. పద్ధతి చెడ్డాక చాలా చెరువులు పూడిపోయాయి. వాటిని మళ్ళీ బాగుచెయ్యడానికి 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పెద్ద పథకమే మొదలుపెట్టవలసి వచ్చింది.

2009లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఎలినార్ ఆస్ట్రమ్ జీవితమంతా పరిశోధించింది ఇటువంటి పద్ధతులనే. ఉమ్మడి ఆస్తి ఎవరికీ పట్టక నాశనమవుతుందన్న వాదన అన్నిచోట్లా నిజం కాదని, స్విట్జర్లాండ్ పచ్చికబయళ్ళనుంచి ఫిలిప్పీన్స్ కాలువలదాకా చూసి ఆవిడ చెప్పారు. వాడుకునేవాళ్ళే నియమాలు పెట్టుకుని, ఒకరినొకరు గమనించుకుని, తప్పినవాణ్ణి ముందు మెల్లగా మందలించి, తర్వాతే గట్టిగా దండించే చోట ఉమ్మడి ఆస్తులు తరతరాలు నిలిచాయి. మన నీరటికి ఆ పుస్తకం చదవవలసిన అవసరం లేకపోయింది.

మా జిల్లాలోనే గీసుకొండ మండలంలో గంగదేవిపల్లి ఉంది. ఇప్పుడు దేశమంతటా ఆదర్శగ్రామంగా పేరు. పేదరికం, సారా, తగాదాలు, నీటి ఎద్దడి, అన్నీ ఉన్న మామూలు పల్లెటూరే. 1982లో ఆ ఊరివాళ్ళే కూర్చుని మద్యం వద్దని తీర్మానించుకున్నారు. 1994లో పక్క ఊరు మాచాపూర్‌నుంచి విడిపోయి సొంత పంచాయతీ అయ్యారు. ఆ తర్వాత వాళ్ళు చేసింది ఏమిటంటే ఊరి పనులన్నింటినీ కమిటీలుగా విడదీసుకోవడం. మంచినీటికి ఒకటి, పారిశుద్ధ్యానికి ఒకటి, చదువుకి ఒకటి, పొదుపుకి ఒకటి, ఇలా. ఊళ్ళో దాదాపు ప్రతి ఇంటికీ ఏదో ఒక కమిటీలో పని ఉంది. నీళ్ళు రాకపోతే "ఈ ప్రభుత్వం ఇంతే" అనడానికి వీలులేదు. అడగవలసిన మనిషి పక్కవీధిలోనే ఉంటాడు.

దీనికి పక్కన ఇంకొకటి పెట్టి చూడాలి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు, వాచకంలో ఒక ఊరి ఆడవాళ్ళు సారాకొట్టు మూయించిన పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, తమ ఊరి సారాకొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచిన ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. ఆ తల్లులు చేసింది చిన్న పని కాదు. పాఠంలో ఉన్నది పక్క ఊరివాళ్ళకి కాదు, తమకే అని అనుకోవడమే వాళ్ళ గొప్పతనం. కాని రాష్ట్రం పెట్టిన చట్టం రాష్ట్రమే తీసేసింది. ఊరు తనకు తాను పెట్టుకున్న కట్టుబాటుని మాత్రం గంగదేవిపల్లి దశాబ్దాలపాటు నిలబెట్టుకుంది. చట్టం కావాలి. దాన్ని రోజూ కాపలా కాసే మనుషులు కూడా కావాలి.

బెంటన్‌విల్ మనకేమవుతుంది?

ఇంతదూరం వచ్చిన మనకి ఇది ఎందుకు కష్టమవుతోంది? నా అనుభవం చెబుతాను.

2000 సంవత్సరం జనాభా లెక్కల్లో బెంటన్‌విల్‌లో ఉన్నది 19,730 మంది. 2020కి 54,164. పెరిగినవాళ్ళలో మనవాళ్ళు తక్కువేమీ కాదు. మనలో చాలామందిని ఇక్కడికి తెచ్చింది వాల్‌మార్ట్. శామ్ వాల్టన్ 1950లో ఈ ఊరి కూడలిలో చిన్న కొట్టు పెట్టాడు. మొదటి వాల్‌మార్ట్ 1962లో పక్కనే రాజర్స్‌లో తెరిచాడు. మనం అరవై ఏళ్ళ తర్వాత కంప్యూటర్లు పట్టుకుని వచ్చాం.

వచ్చినప్పుడు అందరిదీ ఒకటే మాట: "రెండేళ్ళ ప్రాజెక్టు." రెండేళ్ళు ఉండే ఊరు సత్రంలాంటిది. సత్రం వాకిలి ఎవరు ఊడుస్తారు? నేను వచ్చిన మొదటి ఆరేళ్ళలో పక్కింటివాళ్ళ పేరు నాకు తెలియదు. గ్రీన్‌కార్డు వచ్చాక చూద్దాం, సొంత ఇల్లు కొన్నాక చూద్దాం, పిల్లలు పెద్దయ్యాక చూద్దాం. ఇక్కడ ఓటు లేదు, మన మాట ఎవరు వింటారు అని ఒక సాకు. ఓటు లేని మాట నిజం. కాని పార్కులో చెత్త ఏరడానికీ, ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడానికీ, నగర సభకి వెళ్ళి వెనక కుర్చీలో కూర్చుని వినడానికీ ఏ కాగితం అడగరు. పక్కింటి తలుపు కొట్టడానికి అసలే అడగరు.

ఈ ఊరు మాత్రం మనల్ని సత్రంలో దిగినవాళ్ళలా చూడలేదు. 2011లో తెరిచిన క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం చూడడానికి టిక్కెట్టు లేదు. ఎండాకాలం మన అమ్మానాన్నలు వస్తే అక్కడికే తీసుకువెళ్తాం. మన నాన్నలు పొద్దున్నే నడిచే కాలిబాటలు ఈ ఊరివాళ్ళు వేసుకున్నవి. గ్రంథాలయంలో మన పిల్లలు సంచులనిండా పుస్తకాలు తెచ్చుకుంటారు. పాలు ఎవరో పోశారు, మనం తాగుతున్నాం.

శామ్ వాల్టన్ తన ఉద్యోగులకి పెట్టిన ఒక నియమం ఇక్కడ పనిచేసినవాళ్ళందరికీ తెలుసు. సూర్యాస్తమయ నియమం అంటారు. ఇవాళ ఎవరైనా ఏదైనా అడిగితే పొద్దుగుంకేలోపల జవాబు చెప్పాలి. ఆ కంపెనీ మంచిచెడ్డల మీద లోకంలో ఎన్నో వాదాలున్నాయి, వాటి జోలికి నేను పోను. పైగా అది వ్యాపారంకోసం పెట్టిన నియమం. అయినా అందులో ఒక కిటుకుంది. "వినియోగదారుని గౌరవించండి" అని చెప్పి ఊరుకోలేదు, ఎప్పటిలోగా అన్నది చెప్పింది. పగలంతా ఆఫీసులో ఆ నియమం పాటించి ఇంటికి వచ్చే నేను, ఆ ఆదివారం ఉదయం ఆరింటికి వచ్చిన మెసేజ్‌కి పదకొండింటిదాకా కదలలేదు.

చెత్త కమిటీలో సున్న

మన సంస్థల సంగతి చూడండి. టొర్నాడోకి చాలా ఏళ్ళ ముందు మేము ఒక ఉగాది పండగ చేశాం. అద్దెకి తీసుకున్న హాలు. భోజనాల కమిటీలో పదకొండుగురు, సాంస్కృతిక కమిటీలో తొమ్మండుగురు, ఆహ్వాన కమిటీలో ఎందరో లెక్కలేదు. చెత్త కమిటీలో సున్న. "అందరం కలిసి శుభ్రం చేద్దాం" అని వేదిక మీద ప్రకటించింది నేనే. రాత్రి పదకొండింటికి చూస్తే హాల్లో మిగిలింది నలుగురం, కార్పెట్ మీద పులిహోర, ఒక మూల పానకం ఒలికిన మరక. అక్కడ పనిచేసే ముసలాయన మమ్మల్ని ఏమీ అనకుండా చీపురు తెచ్చుకున్నాడు. ఆ సాయంత్రం వేదిక మీద మన సంస్కృతీ విలువల మీద ఒక ఉపన్యాసం కూడా జరిగింది. మరుసటి ఏడు ఆ హాలు మాకు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

ఆ తర్వాతి సంవత్సరం ఒక మిత్రురాలు చిన్న మార్పు చేసింది. పనుల జాబితా రాసి, ప్రతి పని పక్కనా ఒకే ఒక్క పేరు పెట్టింది. "కుర్చీలు మడతపెట్టడం: ఫలానా. చివరి చెత్తసంచి బయట పెట్టడం: ఫలానా." ఆ కాగితం హాలు గుమ్మం దగ్గర అతికించింది. సాయానికి ఎంతమందిని పిలుచుకున్నా అడిగేది ఆ ఒక్కరినే. తొమ్మిదిన్నరకల్లా హాలు అద్దంలా ఉంది. మనుషులు మారలేదు. అదే పదకొండుగురు, అదే తొమ్మండుగురు. చీకటి పోయింది, అంతే.

పండగ హాలుకి నేర్చుకున్న పాఠం మనుషుల ప్రాణాలకి వర్తిస్తుందని తెలియడానికి మాకు ఒక టొర్నాడో కావలసి వచ్చింది.

ఇంటికి నాలుగు తలుపులు

ఆ జూన్‌లో మేము కొందరం కూర్చున్నాం. మాట్లాడుకున్నది ఎక్కువసేపు కాదు. ప్రతి కుటుంబం తన ఇంటికి దగ్గరగా ఉన్న నాలుగు ఇళ్ళు రాసుకోవాలి. తెలుగువాళ్ళ ఇళ్ళే కానక్కరలేదు, ఎవరివైనా సరే. ఆ ఇళ్ళవాళ్ళకి మన పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి, వాళ్ళవి అడగాలి. ఊళ్ళోంచి పెద్దవాళ్ళు వచ్చి ఒంటరిగా ఉండే ఇళ్ళు విడిగా రాసుకోవాలి. సైరన్ మోగి ఆగాక ఫోన్ కాదు, తలుపు. నేను ఊళ్ళో లేకపోతే నా నాలుగు తలుపులు ఎవరికి అప్పజెప్పానో చెప్పి వెళ్ళాలి.

ఇదేదో పెద్ద విజయంగా చెప్పుకోవడం లేదు. మొదట్లో ఉత్సాహంగా రాసుకున్నవాళ్ళలో కొందరు మానేశారు. కొందరు ఇళ్ళు మారి కొత్తచోట మళ్ళీ మొదలుపెట్టలేదు. పక్కింటి తలుపు కొట్టడానికి నాకే రెండు వారాలు పట్టింది. ఆరేళ్ళు పలకరించని మనిషిని ఏమని పలకరించాలి? చివరికి ఒక గిన్నెలో పాయసం పట్టుకుని వెళ్ళాను. ఆవిడ తలుపు తీసి, "మీరు రాజర్స్‌లో కదా పనిచేసేది?" అంది. నా గురించి ఆవిడకి తెలుసు. ఆవిడ గురించే నాకు ఏమీ తెలియదు.

ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. "ఇవన్నీ ప్రభుత్వం చెయ్యవలసినవి. మనం పన్నులు కడుతున్నాం కదా. వ్యక్తిగత బాధ్యత అంటూ అంతా మన నెత్తినే వేసుకుంటే వాళ్ళు చేతులు దులుపుకుంటారు" అన్నాడు. అతని మాటలో నిజముంది. తెగిపోయిన కరెంటు తీగలు మనం కట్టలేం. కూలిన ఇళ్ళు పాయసంతో లేవవు. ఆ మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఈ ప్రాంతాన్ని విపత్తు ప్రాంతంగా ప్రకటించి సాయం ఇచ్చింది, ఇవ్వవలసిందే. కాని ప్రభుత్వం మధ్యాహ్నానికి వస్తుంది, సాయంత్రానికి వస్తుంది, కొన్నిసార్లు వారానికి వస్తుంది. ఉదయం ఏడు గంటలకి తలుపు దగ్గరికి రాగలిగినవాడు పక్కింటివాడు. ఇద్దరూ కావాలి, ఒకరి పని ఇంకొకరు చెయ్యలేరు. పైగా ప్రభుత్వాన్ని నిలదీసి అడగగలిగేది కూడా ఒకరినొకరు ఎరిగిన ఊరే. దూబగుంట ఆడవాళ్ళు ముందు ఒకరినొకరు ఎరుగుదురు, తర్వాతే రాష్ట్రం వాళ్ళని ఎరిగింది.

ఇక పిల్లల సంగతి. మన పిల్లలకి మన విలువలు ఎలా అందించాలి అన్న చర్చ లేని తెలుగు సభని నేను చూడలేదు. ఆ ఆదివారం ఉదయం నేను టీ తాగుతూ ఫోన్ చూసుకోవడం మా పిల్లలు చూశారు. పదకొండున్నరకి చెమటలు కక్కుతూ నడిచి వెళ్ళడం కూడా చూశారు. రెంటిలో ఏది గుర్తుపెట్టుకుంటారో నా చేతిలో లేదు. మా అమ్మాయి మాత్రం మా నాలుగు ఇళ్ళ కాగితాన్ని తన చేతిరాతతో మళ్ళీ రాసి ఫ్రిజ్ మీద అతికించింది. ఒక ఇంటి పక్కన "కుక్క పేరు బిస్కెట్, మెరుపులంటే భయం" అని చేర్చింది. అది నాకు తెలియని సంగతి.

ఆ పెద్దావిడ ఆ ఏడాది ఆఖరుకి మన దేశం తిరిగి వెళ్ళిపోయారు. వెళ్ళేముందు పొరుగింటి పెద్దాయనకి ఒక సీసా మాగాయ ఇచ్చి వెళ్ళారు. ఆయన దాన్ని ఎలా తినాలో అడగడానికి నాకు ఫోన్ చేశాడు. ఇప్పుడు మేము నెలకోసారి కలుస్తాం. ఆ పక్కనే ఇల్లు కొనుక్కున్న మరో తెలుగు కుటుంబం పేరు ఆయన కాగితంలో చేరింది. ఆయనకి వయసు మీదపడుతోంది, ఆ మధ్య చేతికర్ర పట్టాడు. ఆ కుటుంబం వాళ్ళ కాగితంలో మొదటి పేరు ఆయనదే.

మీ ఊరు ఏదైనా కావచ్చు, ఈ వ్యాసం చదవడం అయ్యాక ఒక కాగితం తీసుకుని మీ నాలుగు తలుపులు రాసుకోండి. పేర్లు తెలియకపోతే ఖాళీ వదలండి. నేను మొదటిసారి రాసినప్పుడు నాలుగూ ఖాళీలే.